లైవ్ స్కోరా, వీడియోనా, గ్యాలరీనా? మన అమ్మాయి సీజన్‌ని ఫాలో అవ్వడానికి ఏది మేలు

మొన్న ఆదివారం భోజనాల దగ్గర మా బాబాయ్ అడిగాడు, "ఒరేయ్, ఆ భమిడిపాటి అమ్మాయి ఆడుతోందా, మానేసిందా? పేపర్లో ఎక్కడా కనపడట్లేదు" అని. అంతకుముందు రెండు వారాలూ ఆమె మ్యాచ్‌ల కోసం అర్ధరాత్రి దాకా ఫోన్ పట్టుకుని కూర్చున్నవాణ్ణి కాబట్టి నాకు కాస్త చిర్రెత్తింది. కానీ ఆయన తప్పేం లేదు. ఆయన టెన్నిస్ అంతా పేపర్ టెన్నిసే. 2005 ఫిబ్రవరిలో సానియా హైదరాబాద్ ఓపెన్ గెలిచి, డబ్ల్యూటీఏ (మహిళల ప్రొఫెషనల్ టెన్నిస్ సంఘం) సింగిల్స్ టైటిల్ కొట్టిన తొలి భారతీయురాలైనప్పటి పేజీ ఇప్పటికీ బీరువాలో బట్టల కింద దాచుకున్న మనిషి. ఆయన లెక్క ఒకటే: పేపర్లో వచ్చిందంటే గెలిచినట్టు, రాలేదంటే లేనట్టు.

చిక్కేమిటంటే భమిడిపాటి శ్రీవల్లి రష్మిక, యమలపల్లి సహజ లాంటి మన తెలుగు టెన్నిస్ ప్లేయర్లు ఇప్పుడున్న మెట్టు మీద ఏడాదిలో ఎక్కువ వారాలు ఓటమితోనే ముగుస్తాయి. 32 మంది ఆడే టోర్నీలో 31 మంది ఓడే ఇంటికెళ్తారు మరి. ఏ ఊళ్లోనో రెండో రౌండ్‌లో మూడు సెట్లు పోరాడి ఓడితే పేపర్లో ఒక్క లైను కూడా రాదు, సీజన్ అంటే మాత్రం ఎక్కువ భాగం అదే. అందుకే పేపర్‌ని ఈ పోటీలోంచి మొదటి రౌండ్‌లోనే పంపించేస్తున్నా.

మిగిలినవి నాలుగు: సోమవారం ర్యాంకింగ్ చూసుకోవడం, లైవ్ స్కోర్, వీడియో, నేరుగా గ్రౌండ్‌కి వెళ్లడం. నాలుగూ చేశాను, నాలుగింటితోనూ తిట్లు తిన్నాను, ఎక్కువగా ఇంట్లో.

ముందు ర్యాంకింగ్ సంగతి. చాలామంది తెలివైన అభిమానులు ఇదొక్కటే చాలంటారు. రోజూ టెన్షన్ ఎందుకు, సోమవారం పొద్దున్న ఒక అంకె చూసుకుంటే పైకెళ్తోందో కిందికొస్తోందో తెలిసిపోతుంది కదా అని. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ అంకె ఎలా పుడుతుందో తెలిస్తే దాన్ని అంతగా నమ్మరు. పాయింట్లు 52 వారాలే నిలుస్తాయి. పోయిన ఏడాది ఇదే వారం డబ్ల్యూ35 అనే చిన్న స్థాయి టోర్నీ గెలిచి 35 పాయింట్లు తెచ్చుకున్న అమ్మాయి, ఈ ఏడాది అంతకంటే గట్టి ప్రత్యర్థుల మీద సెమీస్ దాకా వెళ్లి ఓడిందనుకోండి. ఆట మెరుగైంది, ర్యాంక్ మాత్రం పడిపోయింది. సోమవారం అంకె ఒక్కటే చూసేవాడు "అయ్యో, దిగిపోతోంది" అంటాడు. పైగా ఈ మెట్టు మీద పాయింట్లు చెమటోడ్చి సంపాదించాలి. అన్నిటికంటే కింది మెట్టు డబ్ల్యూ15 టోర్నీలో వారమంతా ఆడి కప్పు ఎత్తితే వచ్చేది 15 పాయింట్లు, గ్రాండ్‌స్లామ్ మెయిన్ డ్రాలో, అంటే అసలు పోటీలో, మొదటి మ్యాచే ఓడినా 10 వస్తాయి.

ర్యాంకింగ్ ఎంత అబద్ధం ఆడగలదో నాకు బాగా తెలిసింది 2025 ఏప్రిల్‌లో. పుణె బాలేవాడిలో బిల్లీ జీన్ కింగ్ కప్ (దేశాల మహిళా జట్లు ఆడే టెన్నిస్ పోటీ) ఆసియా-ఓషియానియా పోటీలు. మొదట న్యూజిలాండ్ చేతిలో ఇండియా ఓడింది. ఆ తర్వాత థాయిలాండ్, హాంకాంగ్, చైనీస్ తైపీ, చివరి రోజు కొరియా, అన్నీ 2-1తో గెలిచి తర్వాతి దశ ప్లేఆఫ్స్‌కి వెళ్లాం. ఐదు రోజుల్లో ఐదు సింగిల్స్ ఆడి, జట్టు ఓడిన రోజుతో సహా ఐదూ గెలిచింది రష్మిక. అప్పటికి ఆమె ర్యాంక్ 300 దగ్గర. మరి ఆ ఐదు విజయాలకి ఆమె ఖాతాలో పడిన ర్యాంకింగ్ పాయింట్లెన్నో తెలుసా? సున్నా. ఈ కప్పులో దేశం కోసం ఆడే మ్యాచ్‌లకి ర్యాంకింగ్ పాయింట్లుండవు. అంటే ఆమె కెరీర్లో గొప్ప వారాల్లో ఒకటి, సోమవారం అంకె మాత్రమే చూసే అభిమానికి అసలు జరగనే లేదు!

అలాగని ర్యాంకింగ్‌ని పూర్తిగా వదిలెయ్యమనను. గ్రాండ్‌స్లామ్ మెయిన్ డ్రాలో ర్యాంక్‌తో నేరుగా దొరికేవి 104 చోట్లు, ఆ తర్వాతి వంద పైచిలుకు మందికి క్వాలిఫయింగ్, అంటే మెయిన్ డ్రాలో చోటు కోసం ముందు ఆడే పోటీ. కాబట్టి 220, 230 దరిదాపుల్లోకి వస్తే గ్రాండ్‌స్లామ్‌లు జరిగే మెల్‌బోర్న్, పారిస్ తలుపులు కనపడతాయి. సానియా 27 దాకా వెళ్లింది, అది వేరే లోకం. మన దేశం ప్లేయర్లే అయిన అంకిత రైనా అత్యుత్తమ ర్యాంక్ 160, కర్మన్ థాండి 196. ఈ కొండ ఎంత నిటారుగా ఉందో తెలుసుకోవడానికి నెలకోసారి ర్యాంకింగ్ చూడండి, చాలు. బీపీలాగా రోజూ చూసుకుంటే అసలు లేని రోగం వస్తుంది.

ఇక లైవ్ స్కోర్. దీనికి నేను బానిసని, కాబట్టి నా తీర్పులో కాస్త పక్షపాతం ఉండొచ్చు. చైర్ అంపైర్ తన చేతిలోని మెషీన్లో పాయింట్ నొక్కగానే ఎక్కడో ఉన్న మన ఫోన్లో 15-0 మారుతుంది. సర్వ్ చేసేవాళ్ల పేరు పక్కన చిన్న గుర్తు. అంతే, ఇంకేం లేదు. కానీ ఆ ఏమీ లేనితనంలోనే ఉంది మజా. డ్యూస్ (40-40), అడ్వాంటేజ్, మళ్లీ డ్యూస్. ఆఫీస్ మీటింగ్‌లో టేబుల్ కింద చూసుకోవచ్చు, బస్సులో నిలబడి చూసుకోవచ్చు, డేటా అయ్యేది లేదు. మెక్సికోలో ఆడుతుంటే మనకి తెల్లవారుజాము, యూరప్‌లో అయితే సాయంత్రం. సహజ 2024లో మెక్సికోలో మాజీ యూఎస్ ఓపెన్ విజేత స్లోన్ స్టీఫెన్స్‌ని ఓడించిన మ్యాచ్ లాంటిది అంకెల్లో చూసినా ఒళ్లు జలదరిస్తుంది.

అయితే స్కోర్ ఆగిపోయినప్పుడు చూడాలి మన అవస్థ. 30-40. బ్రేక్ పాయింట్, అంటే ఇంకొక్క పాయింట్ పోతే మన అమ్మాయి సర్వ్ చేస్తున్న గేమ్ పోయినట్టే. అంకె కదలదు. ఒక నిమిషం, రెండు నిమిషాలు. వానా? కాలు మడత పడిందా? ఫిజియో వచ్చిందా? నా వైఫై పోయిందా? పేజీ రిఫ్రెష్ చేస్తాం, రూటర్ ఆపి ఆన్ చేస్తాం, వేరే యాప్ తెరుస్తాం, అక్కడా 30-40. నాలుగు నిమిషాల తర్వాత ఒక్కసారిగా 1-3 అని ప్రత్యక్షం అవుతుంది, మధ్యలో గేమంతా ఏమైపోయిందో దేవుడికే తెలియాలి. ఇంకోసారి స్కోర్ పక్కన "రిటైర్డ్" అన్న ఒక్క మాట, అంటే మధ్యలోనే ఆట మానేసిందని. ఎందుకు, ఏమైంది, ఎవరూ చెప్పరు.

అసలు లోపం అది కూడా కాదు. స్కోర్ ఎవరు గెలిచారో చెప్తుంది, ఎలా అన్నది చెప్పదు. మన తెలుగు ప్లేయర్ సాకేత్ మైనేని 2016 యూఎస్ ఓపెన్ మొదటి రౌండ్ గుర్తు చేసుకోండి. క్వాలిఫయర్‌గా వచ్చి, యిరీ వెసెలీ మీద ఐదో సెట్‌లో మ్యాచ్ పాయింట్ దాకా వెళ్లి ఓడాడు. అంకెలు మాత్రమే చూసినవాడికి అది చేతికందింది జారవిడుచుకోవడం. చూసినవాళ్లకి తెలుసు, కండరాలు పట్టేసి నిలబడలేక ఆడుతున్న మనిషి అని. ఈ రెండు అభిప్రాయాల మధ్య ఎంత దూరం!

ఇందులో ఇంకో చేదు సంగతి ఉంది. ఈ చిన్న టోర్నీల లైవ్ స్కోర్‌ని మనలాంటి పిచ్చి అభిమానులకంటే ఎక్కువగా చూసేది బెట్టింగ్ వాళ్లు. టెన్నిస్‌లో అవినీతి మీద 2018లో వచ్చిన స్వతంత్ర కమిటీ నివేదిక, అట్టడుగు స్థాయి టోర్నీల స్కోర్ డేటా అమ్మడం ఆపెయ్యమని సిఫార్సు చేసింది. డబ్బు పోయినవాడు ఊరుకుంటాడా, ప్లేయర్ ఇన్‌స్టాగ్రామ్‌లోకి దూరి బూతులు రాస్తాడు. 2024 ఒక్క ఏడాదిలో 458 మంది ప్లేయర్లకి సుమారు 8,000 వేధింపు మెసేజ్‌లు వచ్చాయని డబ్ల్యూటీఏ, ఐటీఎఫ్ (అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య) కలిసి లెక్క తేల్చాయి, అందులో 40 శాతం బెట్టింగ్‌లో ఓడిన కోపమే. అందుకే లైవ్ స్కోర్ చూసిన ఆవేశంలో మనం కూడా వెళ్లి "ఏంటమ్మా ఆ డబుల్ ఫాల్ట్‌లు" అని కామెంట్ పెట్టొద్దు. ఆ చెత్తలో మనదీ ఒకటవుతుంది.

వీడియో విషయానికొస్తే, చాలా ఐటీఎఫ్ మ్యాచ్‌లు ఇప్పుడు ఉచితంగానే లైవ్‌లో వస్తున్నాయి. టీవీలో వింబుల్డన్ చూసిన కళ్లతో తెరిస్తే మాత్రం నవ్వొస్తుంది. కోర్టు వెనక ఒకటే కెమెరా, అది కదలదు. కామెంటరీ లేదు, రీప్లే లేదు. బంతి అవతలి మూలకి వెళ్తే లోపలా బయటా అన్నది అంపైర్ గొంతు విని తెలుసుకోవాలి. మన దేశంలో టోర్నీ అయితే కాకుల అరుపులు, రోడ్డు మీద హారన్లు, పక్క కోర్టు చప్పట్లు అన్నీ కలిపి వినిపిస్తాయి. రెండు రోజులు ఓపిక పడితే అదే బాగుంటుంది. కామెంటేటర్ మన బుర్రలో తన అభిప్రాయం దూర్చడు కాబట్టి మన కళ్లతో మనం చూడటం మొదలుపెడతాం. రష్మిక పొడగరి, సర్వ్, ఫోర్‌హ్యాండ్ ఆమె బలం అని ఎవరైనా చెప్తారు. ఫస్ట్ సర్వ్ పడని రోజున సెకండ్ సర్వ్ ఎంత ధైర్యంగా వేస్తోంది, తనని పక్కలకి పరిగెత్తించే ప్రత్యర్థి దొరికితే ఎన్నో బంతికి ఓపిక పోతోంది అన్నది మాత్రం వీడియోలోనే తెలుస్తుంది. అదీ ఒక మ్యాచ్‌తో తెలియదు, నాలుగైదు చూడాలి.

ఒక హెచ్చరిక: వీడియో పెట్టుకుని పక్కనే లైవ్ స్కోర్ కూడా తెరవకండి. వీడియో వెనకబడి వస్తుంది. అక్కడ ఆమె ఇంకా బంతిని నేలకి కొట్టుకుంటూ సర్వ్‌కి సిద్ధపడుతుంటే, ఇక్కడ యాప్‌లో గేమ్ పోయిందని వచ్చేస్తుంది. ఏం జరగబోతోందో తెలిసి చూడటం నరకం, నా మాట నమ్మండి.

గ్రౌండ్‌కి వెళ్లడం గురించి వాదనే అక్కర్లేదు, వీలైతే వెళ్లాల్సిందే. 2025 నవంబర్‌లో బిల్లీ జీన్ కింగ్ కప్ ప్లేఆఫ్స్ బెంగళూరు కబ్బన్ పార్క్ స్టేడియంలో పెట్టారని తెలియగానే కాచిగూడలో రాత్రి రైలెక్కాను. ఖర్చు, సెలవు, మా ఆవిడ చూపు, అన్నీ కలుపుకుంటే నాలుగింటిలో ఇదే ఖరీదైనది. ఫలితం? స్లొవేనియా చేతిలో, నెదర్లాండ్స్ చేతిలో, రెండిట్లోనూ ఓడాం. అయినా ఆ రెండు రోజులు వృథా అని నాకు ఒక్కసారి కూడా అనిపించలేదు. ఫోన్‌లో "టప్" అని వినపడే దెబ్బ అక్కడ గుండెలో తగులుతుంది. బంతి అంత వేగంగా, అంత తక్కువ ఎత్తులో నెట్ దాటుతుందని వీడియోలో అర్థమే కాదు. ఎందుకంటే వెనక పైనుంచి పెట్టిన కెమెరా అన్నిటినీ నెమ్మది చేసేస్తుంది. నా పక్కన కూర్చున్న పెద్దావిడ, తెలుగావిడే, "ఫోన్లో చూస్తే రష్మిక ఇంత పొడుగని తెలీలేదు బాబూ" అంది. మూడో గేమ్ కల్లా మా ఇద్దరి మధ్య చేగోడీల పొట్లం తిరుగుతోంది. ఇది ఏ యాప్ ఇస్తుంది?

చిన్న ఐటీఎఫ్ టోర్నీలకైతే చాలాచోట్ల టికెట్టే ఉండదు, కోర్టు పక్క బెంచీ మీద కూర్చోవచ్చు. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న మనవాళ్లూ మీ ఊరి దగ్గర టోర్నీ పడితే ఒక్కసారి చూసుకోండి. సహజ టెక్సస్‌లో కాలేజీ టెన్నిస్ ఆడి వచ్చిన అమ్మాయే. పరాయి ఊళ్లో గ్యాలరీలోంచి "కమాన్ సహజా" అని ఒక తెలుగు గొంతు వినపడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

కానీ గ్రౌండ్ ఏడాదికి ఒకసారి, మహా అయితే రెండుసార్లు. మిగతా వారాల సంగతేంటి? నా ఓటు వీడియోకి. అన్ని మ్యాచ్‌లూ కాదు, వారానికి ఒకటి, మొదటి నుంచి చివరి దాకా. గెలిచినదీ ఓడినదీ రెండూ ఉంటే ఓడినదే చూడమంటాను. ఇది చదివి నా స్నేహితులు నవ్వుతారు, ఎందుకంటే లైవ్ స్కోర్ మానలేనిది నేనే. నిజమే, మానలేను. అన్నంలో ఆవకాయలా అది పక్కన ఉండాల్సిందే, కానీ ఆవకాయ ఒక్కటే తిని కడుపు నింపుకుంటే ఏమవుతుందో మీకు తెలుసు. ఉద్యోగం, పిల్లలు, అసలు తీరిక లేదు అనేవాళ్లకి మాత్రం లైవ్ స్కోరే గతి, దానికి సిగ్గుపడక్కర్లేదు.

ఆదివారం భోజనాలయ్యాక బాబాయ్ ఫోన్లో స్కోర్ యాప్ ఎక్కించి, అక్షరాలు పెద్దవి చేసి, పేరు పక్కన నక్షత్రం ఎక్కడ నొక్కాలో చూపించి వచ్చాను. వీడియో అంటే "అదంతా నా వల్ల కాదు" అన్నాడు. బుధవారం రాత్రి పదకొండున్నరకి ఫోన్. ఈ వేళప్పుడు ఏమైందోనని కంగారుగా ఎత్తాను.

"ఒరేయ్, 30-40 దగ్గర ఆగిపోయిందిరా. అమ్మాయికేం కాలేదు కదా?"