గ్రూప్ కాన్సెప్ట్ మ్యాపింగ్: మ్యాప్‌తో గొడవ లేదు, పేచీ అంతా గో-జోన్‌తోనే

గ్రూప్ కాన్సెప్ట్ మ్యాపింగ్ అంటే ఒక విషయం మీద పదిమంది చెప్పిన మాటలను కార్డుల మీద రాసి, ఎవరికి వాళ్లు వాటిని కుప్పలుగా విడదీసి (ఇదే సార్టింగ్), రేటింగ్ ఇస్తే, ఆ లెక్కతో ఆలోచనల మ్యాప్ గీసే పద్ధతి. దశలెన్ని, దీనికి రూపమిచ్చిన ట్రోకిమ్ 1989లో ఏం చెప్పాడు లాంటివి ఈ పద్ధతి వాడేవాళ్లందరికీ తెలిసినవే, వదిలేస్తున్నాను. హైదరాబాద్ బస్తీల్లో నడిచే ఆరోగ్య కార్యక్రమాల ప్లానింగ్‌కీ, ఆ తర్వాత ఎవాల్యుయేషన్‌కీ చాలాకాలంగా దీన్ని వాడాక నా మాట ఇది: సార్టింగ్ దాకా బంగారం, ముందు ఏ పనులు చేయాలో చూపిస్తూ చివర్లో వచ్చే గో-జోన్ గ్రాఫ్ మాత్రం నమ్మించి ముంచుతుంది.

ముందు సార్టింగ్ సంగతి. ఆశా కార్యకర్త, మహిళా సంఘం లీడర్, బస్తీ దవాఖానా నర్సు, ప్రోగ్రామ్ మేనేజర్ నలుగురినీ కూర్చోబెట్టి మాట్లాడమంటే చివరికి మిగిలేది మేనేజర్ మాటే. ఇక్కడ ఎవరి కార్డుల కట్ట వాళ్లదే, ఎవరి కుప్పలు వాళ్లవే. లెక్కలోనూ తలా ఒక మ్యాట్రిక్స్, అంటే ఏ కార్డు ఏ కార్డుతో కలిసిందో చూపే పట్టిక. పాతబస్తీలో కొందరికి ఉర్దూ కార్డులు, కొందరికి తెలుగు కార్డులు ఇచ్చినా చిక్కేమీ లేదు, వెనక నంబర్ ఒకటే ఉంటే రెండూ ఒకే లెక్కలో కలిసిపోతాయి. చదవడం రానివాళ్ల పక్కన ఒకరు కూర్చుని ప్రతి కార్డూ చదివి వినిపించాలి. 100 కార్డుల దాకా పద్ధతి ఒప్పుకుంటుంది గానీ మనుషులు ఒప్పుకోరు. 60కి కుదిస్తే చివరి కార్డు కూడా ఆలోచించే పెడతారు.

బంగారం అన్నాను కదా, అందులోనూ కాస్త రాగి ఉంది. ఎటూ కుదరని కార్డులన్నీ కలిపి 'ఇతరాలు' అని ఒక కుప్ప చేసేస్తారు. లెక్కకు ఆ పేరుతో పనిలేదు, ఒక కుప్పలో పడ్డ ప్రతి జతనూ 'ఒకేలాంటివి' అనే రాసుకుంటుంది. 9 కార్డులు అలా పడేస్తే 36 జతలు. నలుగురైదుగురు అవే కార్డులను అలా పడేస్తే మ్యాప్ మీద లేని క్లస్టర్ (కార్డుల గుంపు) పుట్టుకొస్తుంది. కుదరని కార్డును ఒంటరిగానే వదిలేయమని మొదలుపెట్టకముందే చెప్పాలి. 'అర్జెంట్', 'జీహెచ్ఎంసీ చూసుకోవాల్సింది' లాంటి కుప్పలూ పనికిరావు. అర్థాన్ని బట్టే విడదీయాలి. స్ట్రెస్ (మ్యాప్ అసలు సార్టింగ్‌కు ఎంత తేడాగా ఉందో చెప్పే అంకె) 0.28 వచ్చిందని కంగారుపడేవాళ్లకు ఒక మాట: 2012లో రోసాస్, కేన్ 69 అధ్యయనాలను కలిపి చూస్తే వచ్చిన సగటూ దాదాపు అంతే.

ఇక గో-జోన్. ప్రతి స్టేట్‌మెంట్‌కూ, అంటే కార్డు మీది ప్రతి మాటకూ, ఎంత ముఖ్యం, ఎంత సాధ్యం అని 1 నుంచి 5 దాకా రెండు రేటింగులు. రెంటి సగటుల దగ్గర రెండు గీతలు. పైన కుడివైపు గడిలో పడ్డవి ముందు చేయాల్సిన పనులు. డోనర్ మీటింగ్‌లో ఈ స్లైడ్ పడిందంటే ఇక మ్యాప్ వైపు ఎవరూ చూడరు, అంత శుభ్రంగా కనిపిస్తుంది.

మనవాళ్లు దేన్నీ ముఖ్యం కాదనరు, అక్కడొచ్చింది తంటా. 'షుగర్ మాత్రలు నెలకు సరిపడా ఒకేసారి ఇవ్వాలి' 5. 'సాయంత్రం కూడా ఓపీ ఉండాలి' 5. 'బీపీ మిషన్ పాడైతే వెంటనే బాగుచేయించాలి' 5. ఎదురుగా సంస్థ మనిషి కూర్చుని ఉంటే మొహమాటం సరేసరి. దాంతో సగటులన్నీ 4.2కీ 4.7కీ మధ్య ఇరుక్కుంటాయి. గీత పడేది మాత్రం మొత్తం సగటు దగ్గరే కాబట్టి, అందరూ ముఖ్యమే అన్నవాటిలో కూడా ఇంచుమించు సగం 'తక్కువ ముఖ్యం' వైపు పోతాయి.

20 మంది రేటింగ్ ఇచ్చారనుకోండి, గీత 4.42 దగ్గర పడింది. సాయంత్రం ఓపీకి మొత్తం 88 వచ్చాయి, సగటు 4.40, గీత కింద. ఒక్క మనిషి 4కి బదులు 5 వేసి ఉంటే 4.45, గీత పైన. ఆ ఒక్క అంకె మీద ఒక ఏడాది పని ప్రణాళిక తేలిపోతుంది! ఒక్కో క్లస్టర్ సగటు రేటింగును పొరలుగా చూపే క్లస్టర్ రేటింగ్ మ్యాప్‌లోనూ ఇదే వరస. కనిష్ఠ, గరిష్ఠ సగటుల మధ్య దూరాన్నే ఐదుగా విడగొడతారు కాబట్టి 4.3కి ఒక పొర, 4.6కి ఐదు పొరలు వచ్చేస్తాయి.

విరుగుడు రేటింగ్ ప్రశ్నలోనే ఉంది. 'మిగతా స్టేట్‌మెంట్లతో పోలిస్తే ఎంత ముఖ్యం' అని అడగాలి. అసలు పద్ధతిలో ఉన్నదీ అదే, ఫారం కుదించేటప్పుడు ఆ 'పోలిస్తే' ఎగిరిపోతుంది. అది చాలకపోతే 1 నుంచి 5 దాకా అంకెలు రాసిన ఐదు ట్రేలు పెట్టి, 60 కార్డులకు ట్రేకు 12 చొప్పున సర్దమనాలి. అప్పుడు గీత కచ్చితంగా 3 దగ్గర నిలబడి, స్టేట్‌మెంట్ల మధ్య తేడా బయటపడుతుంది.

ఎవాల్యుయేషన్‌కి మాత్రం ఇదే ట్రేల పద్ధతి అడ్డం తిరుగుతుంది. ఏడాది తర్వాత మళ్లీ రేటింగ్ చేయించినా మొత్తం సగటు 3 దాటదు, పరిస్థితి మెరుగుపడిందో లేదో అంకెల్లో కనిపించదు. కాబట్టి ముందు-తర్వాత పోలిక కావాలంటే మామూలు రేటింగే చేయించి, గీతకు అటూ ఇటూ బూడిదరంగు పట్టీ ఒకటి వేస్తాను. 20 మంది రేటింగుల్లో ప్రామాణిక విచలనం 0.6 ఉంటే సగటు ప్రామాణిక దోషం 0.13 దాకా ఉంటుంది, పట్టీ కనీసం అంత వెడల్పు ఉండాలి. పట్టీలో పడ్డవాటి సంగతి గ్రాఫ్ తేల్చదు, ఫలితాలను అందరూ కలిసి చర్చించే వ్యాఖ్యాన సమావేశంలో మనుషులే తేల్చాలి.

మా పని 20, 30 మందితో, కాగితం కార్డులతో. ఆర్ (R) అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో లెక్క చేసే మనిషి కూడా ఉన్నారు, అందుకని మాకు గిట్టుబాటవుతోంది. ఈ పద్ధతికి పనికొచ్చే సాఫ్ట్‌వేర్ లైసెన్స్ తీసుకుని అంతా ఆన్‌లైన్‌లో నడిపేవాళ్ల లెక్క వేరు కావచ్చు. వాళ్లు డబ్బు కట్టేముందు గో-జోన్ గీతను చేత్తో జరిపే వీలుందా, రేటింగులు విడివిడిగా ఎక్సెల్‌లోకి దిగుతాయా అని అడిగి చూసుకోవడం మంచిది.