గుండ్రటి మూలకి డబ్బు కడితే పలకల మూల వస్తోంది, జాగ్రత్త

డ్రైవాల్ (జిప్సం బోర్డుతో కట్టే) గోడ మలుపును గుండ్రంగా చేయించుకునేవాళ్లు, కొటేషన్‌లో 'కర్వ్డ్ కార్నర్' అని మాత్రమే ఉంటే అడ్వాన్స్ ఇవ్వకండి. రేడియస్ (వంపు వ్యాసార్ధం), బోర్డు మందం, ఎన్ని పొరలు, స్టడ్‌ల (బోర్డు బిగించే నిలువు కమ్మీల) మధ్య దూరం: ఈ నాలుగూ రాయించుకోండి. లేదంటే మీరు 600 మి.మీ. రేడియస్ వంపు అనుకుంటారు, వాళ్లు మూలకి 19 మి.మీ. బుల్‌నోస్ బీడ్ (మూల అంచుని గుండ్రం చేసే పట్టీ) అంటించి చేతులు దులుపుకుంటారు. అదీ వంపే, కాదనలేం. పనిలోనూ ఖర్చులోనూ మాత్రం పొంతనే ఉండదు.

అసలు మోసం ఇంకోటి. మామూలు 12.5 మి.మీ. బోర్డు పొడిగా సుమారు 2.75 మీటర్ల రేడియస్ దాకా, తడిపితే మీటరు దాకా వంగుతుంది. అంతకన్నా చిన్న వంపుకి అదే బోర్డు వాడాలనుకునేవాళ్లు వెనక కత్తితో వరుసగా గాట్లు పెట్టి విరిచేస్తారు. గాటు పడ్డచోటల్లా జిప్సం తెగిపోయి, ముందు కాగితం ఒక్కటే ముక్కల్ని పట్టుకుని ఉంటుంది. వచ్చేది వంపు కాదు, పక్కపక్కన పేర్చిన పలకలు. దాన్ని లప్పంతో మెత్తి కప్పేస్తారు. పెయింట్ వేసిన కొత్తలో తెలియదు. పక్కనుంచి వెలుతురు పడితే పలకల అంచులు లేచి కనిపిస్తాయి, మందంగా మెత్తిన లప్పం కుంచించుకుని నిలువు పగుళ్లు వస్తాయి. పైన మళ్లీ లప్పం రాస్తే పగులు మళ్లీ అక్కడే వస్తుంది, ఎందుకంటే కదిలేది లోపలి బోర్డు.

600 మి.మీ. రేడియస్‌కి కావాల్సింది 6.5 మి.మీ. వంగే బోర్డు, రెండు పొరలు. ఒక్క పొరతో సరిపెడితే మోచేయి తగిలినా సొట్ట పడుతుంది. ఈ బోర్డూ పొడిగా మీటరు రేడియస్ దాకానే నమ్మకం, తడిపితే 300 మి.మీ. దాకా వస్తుంది (తయారీదారు పట్టికలో అంకె వేరుగా ఉంటే దాన్నే పట్టుకోండి). బయటికి ఉబ్బే వంపులో నొక్కుకునేది వెనకవైపు కాబట్టి అటే తడిపి, అచ్చు మీద వంచి, పూర్తిగా ఆరనివ్వాలి. తడి బోర్డు మీద జాయింట్లకి అంటించే టేప్ నిలవదు.

పావు వృత్తం పొడవు 600 × 1.57, అంటే 942 మి.మీ. స్టడ్‌ల మధ్య దూరం 150 మి.మీ. దాటకూడదు కాబట్టి చివరి రెండింటితో కలిపి 8 పడతాయి. 4 పెట్టి సరిపోతుందంటే ఒప్పుకోకండి, మధ్యలో బోర్డు చదునుగా సాగుతుంది. కింది ట్రాక్, పై ట్రాక్ (స్టడ్‌లు నిలబెట్టే పట్టీలు) ఒకే గీతలో ఉన్నాయో లేదో తూకం దారం వేసి చూడమనండి. స్క్రూలు ఒక చివర మొదలుపెట్టి రెండో చివరకి పోవాలి. రెండు వైపుల నుంచీ బిగిస్తూ వస్తే మధ్యలో ఉబ్బు మిగిలిపోతుంది. మొదటి పొరకి 25, రెండో పొరకి 35 మి.మీ. స్క్రూలు. రెండు పొరల జాయింట్లు ఒకే స్టడ్ మీద పడకూడదు.

బోర్డు ఎక్కించే ముందు ఫ్రేమ్ ఫోటోలు తీసుకోండి. కోసి పారేసిన ముక్క ఒకటి అడిగి మందం కొలవండి. లప్పం ఆరాక గదిలో లైట్లు ఆర్పి, టార్చి గోడకి ఆనించి పక్కగా వేయండి. ఆఖరి వాయిదా ఈ పరీక్ష తర్వాతే ఇస్తామని, పెయింట్ కూడా ఆ తర్వాతే మొదలవ్వాలని ముందే రాసుకోండి.