468×60 బ్యానర్: డయలప్ మీద ఏళ్లపాటు చూశాక

ఐదుకు మూడున్నర ఇవ్వొచ్చు. ఫోను లైను మీద నెట్ వాడిన మోడెం రోజుల వెబ్ ప్రకటనల్లో కాస్త మర్యాద తెలిసింది 468 పిక్సెళ్ల వెడల్పు, 60 పిక్సెళ్ల ఎత్తు ఉన్న ఈ పట్టీకే. పాపప్ లాగా పిలవకుండా వచ్చి మీద పడదు, పేజీ నెత్తిన తన చోట తాను కూర్చుంటుంది.

వెబ్‌లో బ్యానర్ల జోరు 1994 అక్టోబరులో వైర్డ్ పత్రికవాళ్ల హాట్‌వైర్డ్ సైటుతో మొదలైంది. ఈ కొలత ఖాయమైంది 1996లో. 640×480 తెర మీద పట్టీ పక్కన చిన్న లోగోకి చోటు మిగులుతుంది, అందుకే నిలబడింది.

బరువు దగ్గరే పేచీ. 56కె మోడెం సెకనుకు నాలుగైదు కిలోబైట్లు లాగితే గొప్ప. 12 కిలోబైట్ల జిఫ్ (బొమ్మ ఫైలు) అంటే దాదాపు మూడు సెకన్లు. ఆ మాత్రం ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది, సైటువాళ్లు ఇమేజ్ ట్యాగులో (పేజీ కోడులో బొమ్మను పెట్టే చోట) వెడల్పు, ఎత్తు రాయకపోవడం. బొమ్మ దిగేసరికి చదువుతున్న వాక్యం ఒక్కసారిగా అరవై పిక్సెళ్లు కిందికి జారిపోతుంది. నెట్‌స్కేప్ 4 బ్రౌజర్‌లో ఇంకా అన్యాయం: బ్యానర్‌ని పెద్ద టేబుల్ లోపల పెడితే, దాని కొలత తెలిసేదాకా పేజీ మొత్తం ఖాళీగానే ఉండేది. నింద బ్యానర్‌కి, తప్పు పేజీ కట్టినవాళ్లది.

మిణుకుమిణుకు జిఫ్‌లు కంటికి శత్రువులు. అప్పటి బ్రౌజర్లలో పేజీ పూర్తిగా దిగాక ఎస్కేప్ నొక్కితే ఆగేవి. ముందే నొక్కారో, పేజీ కూడా సగంలో ఆగిపోయేది. విండోస్ హెచ్చరిక పెట్టెలా వేషం వేసిన బ్యానర్లకు మాత్రం సున్నా మార్కులు. వాటిలో ‘క్యాన్సిల్’ కూడా బొమ్మే, ఎక్కడ నొక్కినా ప్రకటనదారు సైటుకే పోతుంది.

పూర్తిగా వదిలించుకోవాలంటే హోస్ట్స్ ఫైలు, అంటే ఏ సైటు పేరుకి ఏ చిరునామా అని కంప్యూటరు చూసుకునే పట్టిక. విండోస్ 98లో అది విండోస్ ఫోల్డర్‌లోనే ఉండాలి. 127.0.0.1 (సొంత మెషీన్ చిరునామా) రాసి, ఖాళీ వదిలి, ప్రకటన సర్వరు పేరు రాయాలి. అప్పుడు బ్రౌజర్ బ్యానర్‌ని సొంత మెషీన్‌నే అడుగుతుంది, అక్కడ అది దొరకదు. ఇక్కడ రెండు చోట్ల బోల్తా పడతారు. నోట్‌ప్యాడ్ తనంతట తానే ఫైలు పేరు చివర టెక్స్ట్ పొడిగింపు (.txt) తగిలిస్తుంది, అప్పుడు విండోస్ ఆ ఫైలు ముఖమే చూడదు. రెండోది, నక్షత్రం గుర్తు పెట్టి ఒక్క వరుసలో అన్నీ మూసేద్దామంటే కుదరదు, ప్రతి సబ్‌డొమైన్‌కీ (ఒకే సైటు కింద ఉండే ప్రతి పేరుకీ) వేరే వరుస రాయాల్సిందే. సొంత మెషీన్‌లో వెబ్ సర్వరు నడుస్తుంటే బ్యానర్ అడిగిన ప్రతిసారీ దాని లాగ్‌లో 404 (‘దొరకలేదు’ అనే గుర్తు) పడుతుంది, కంగారు పడక్కర్లేదు. బ్యానర్ పోయినా ఆ చోట విరిగిన బొమ్మ గుర్తుతో ఖాళీ పెట్టె మిగులుతుంది.