షెర్మన్ బోను: లంకమల బండల్లో వాడి చూశాక

చిన్న ఎలుకల్ని ప్రాణంతో పట్టి, కొలతలు తీసి, పట్టిన చోటే వదిలే సర్వేకు మడత షెర్మన్ బోను మంచి పనిముట్టు. కడప దిక్కు లంకమల లాంటి కొండలకు 3 × 3.5 × 9 అంగుళాల అల్యూమినియం రకమే కొనండి. పొట్టి రకంలో పొడుగు తోక ఎలుక దూరితే తలుపు తోక మీద పడి తోలు ఊడుతుంది. మడిస్తే పలచగా అయిపోతుంది, ఒకే సంచిలో నలభై దాకా పడతాయి. బజారు తీగబోనుకు ఆ వీలు లేదు, పైగా చిట్టెలుకలు దాని సందుల్లోంచి జారిపోతాయి.

దీని ప్రాణమంతా లోపలి మెట్టురేకులో ఉంది, ఎలుక దాని మీద కాలు పెట్టగానే తలుపు పడుతుంది. పది రూపాయల నాణెం 7.7 గ్రాములు. దాన్ని మెట్టు లోపలి అంచున మెల్లగా పెడితే తలుపు పడాలి. పడకపోతే తలుపును ఆపి ఉంచే కొక్కేన్ని కొద్దికొద్దిగా సర్దాలి. మరీ వదులు చేస్తే గాలికే మూసుకుంటుంది. పొద్దున చూస్తే ఎర లేదు, లోపల పెంటికలున్నాయి, తలుపు మాత్రం తెరిచే ఉంది. అట్లాంటప్పుడు మెట్టు కింద ఇసుకో ఎర పిండో చేరిందన్నమాట. పాత పళ్ల బ్రష్‌తో రోజూ దులపాల్సిందే.

ఎరకు వేయించిన బుడ్డలు (వేరుశనగ) దంచి, కొర్రపిండి కలిపి, గోలీకాయంత ఉండ చేసి మెట్టుకు వెనక పెట్టాలి. బయట రాల్చొద్దు, చీమలు చేరితే లోపలి జీవిని కదల్లేని చోట కొరికి చంపుతాయి. చలికాలంలో పిడికెడు దూది తప్పనిసరి.

అసలు లోపం ఎండ. రేకుపెట్టె ఎండలో పెనమైపోతుంది. పొద్దుగూకినాక తెరిచి, తెల్లారేసరికి చూసి మూసేయాలి. పగలు కాగిన బండ మీద నేరుగా పెట్టకుండా, దాని నీడ పక్కన ఎండాకుల మీద, ఊగకుండా ఆనించాలి. బండ అంచు వెంబడి పది మీటర్లకొకటి చాలు. పురుగులు తినే చుంచులు ఆకలికి గంటల్లోనే చస్తాయి కాబట్టి నడిరాత్రి ఒకసారి చూడకుండా ఉండటం తప్పు.

అంతరించిందనుకున్న కలివికోడి 1986లో మళ్లీ కనిపించింది ఈ లంకమల పొదల్లోనే. రాత్రి నేల మీద తిరిగే పక్షి కాబట్టి పొదల మధ్య ఖాళీ జాగాల్లో బోన్లు పరచొద్దు. అటవీశాఖ రాతపూర్వక అనుమతి లేకుండా అసలు తెరవనే వద్దు. ఉడతలా కనిపించే, పగలు తిరిగే మద్రాస్ ట్రీ ష్రూకు ఈ బోను పనికిరాదు, నీడలో తీగబోనే మేలు.

కీళ్లు వంగుతాయి, ముక్కుపటకారు వెంట ఉంటే అక్కడికక్కడే సరిచేసుకోవచ్చు. ప్రతి బోనుకూ నంబరు రాసి, దగ్గరి కొమ్మకు రిబ్బను కట్టి, దిగేముందు లెక్కపెట్టండి. ఒక్కటి తగ్గినా వెనక్కి వెళ్లి వెతకాలి.