క్లాటింగ్ టెస్టుల ప్యాకేజీ: అన్నీ అడిగారు, వేసుకునే మందు తప్ప

5కి 2 స్టార్లు. ఆ రెండూ కూడా బ్లడ్ తీసుకోవడానికి వచ్చిన అబ్బాయికే.

మార్చిలో మా తమ్ముడికి ఎడమ కాలు వాచిపోయి స్కాన్‌లో డీవీటీ (కాలి లోపలి సిరలో రక్తం గడ్డ) అని తేలింది, ఓ వారం పొట్టకి హెపారిన్ ఇంజెక్షన్లు, వాటితో పాటే వార్ఫరిన్ మాత్ర (రెండూ రక్తం పల్చబడే మందులే), తర్వాత ఇంజెక్షన్లు ఆపేసి మాత్ర ఒక్కటే. ఈ వయసులో గడ్డ ఏంటి, వంశంలో ఏమన్నా ఉందేమో చూపించండి అని మా బాబాయ్ ఒకటే పోరు. సరే అని యాప్‌లో ప్యాకేజీ బుక్ చేశా, ల్యాబ్ పేరు వద్దులెండి.

అబ్బాయి పొద్దున్నే 7 లోపే వచ్చాడు, ఒక్క పోటుతో అయిపోయింది, నీలం మూత ట్యూబులు కరెక్ట్‌గా గీత దాకా నింపాడు (తక్కువైతే రిజల్ట్ తప్పొస్తుందట). అంతవరకు సూపర్. నాలుగో రోజు రిపోర్ట్‌లో రక్తం అతిగా గడ్డకట్టకుండా చూసే ప్రోటీన్ సి, ప్రోటీన్ ఎస్ రెండూ ఎర్రక్షరాల్లో, తక్కువ అని. వెంటనే వాళ్ళ కౌన్సెలర్ ఫోను, "ఇది వంశపారంపర్యం మేడమ్, మీరూ చేయించుకోండి, ఫ్యామిలీకి డిస్కౌంట్ ఉంది" అని. అమ్మ ఆ రోజు అన్నం ముట్టలేదు.

హెమటాలజీ (రక్త జబ్బుల) డాక్టర్ గారు రిపోర్ట్ చూసి, వార్ఫరిన్ వేసుకుంటూ ఈ టెస్ట్ చేయిస్తే ఎవరికైనా ఇంతేనమ్మా అన్నారు. లివర్ విటమిన్ కె వాడుకుని గడ్డకట్టించే ఫ్యాక్టర్లు 2, 7, 9, 10 తయారుచేస్తుంది, గడ్డ మరీ పెరక్కుండా ఆపే సి, ఎస్‌లకీ అదే విటమిన్ కావాలి, వార్ఫరిన్ దాన్నే అడ్డుకుంటుంది కాబట్టి రెండు వైపులా తగ్గుతాయి. పైగా సి ఒక్కరోజులోనే పడిపోతుంది, ఫ్యాక్టర్ 2 తగ్గాలంటే రోజులు పడుతుంది, అందుకే మొదట్లో మాత్ర ఒక్కటే ఇస్తే గడ్డ ఇంకా పెరిగే ప్రమాదం ఉందట. ఆ ఇంజెక్షన్లు ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది! హెపారిన్ మన ఒంట్లో గడ్డకట్టడాన్ని ఆపే యాంటీథ్రాంబిన్‌నే పట్టుకుని దాని స్పీడు ఎన్నో రెట్లు పెంచుతుందట, అది వాడేటప్పుడు యాంటీథ్రాంబిన్ టెస్ట్ చేసినా తక్కువ చూపించొచ్చు. రివరోక్సబాన్, అపిక్సబాన్ లాంటి కొత్త మాత్రలైతే రివర్స్, కొన్ని పద్ధతుల్లో చేస్తే ప్రోటీన్ సి, ఎస్ నిజంగా తక్కువున్నా బాగానే ఉన్నట్టు చూపిస్తాయి.

ప్యాకేజీలో పనికొచ్చింది ఫ్యాక్టర్ 5 లైడెన్ (వంశంలో వచ్చే, గడ్డలు కట్టే అవకాశం పెంచే మార్పు) జీన్ టెస్ట్ ఒక్కటే, మందులు దాన్ని మార్చలేవు. అది నార్మల్.

బుకింగ్ ఫారంలో ఫాస్టింగా, లిఫ్ట్ ఉందా, పెంపుడు కుక్క ఉందా అని కూడా అడిగారు, రక్తం పల్చబడే మందు వాడుతున్నారా అని మాత్రం లేదు. కంప్లైంట్ పెడితే ఫ్రీగా మళ్ళీ చేస్తామని కూపన్ పంపారు, గడువు 30 రోజులు. తమ్ముడి మాత్రలు సెప్టెంబర్ దాకా ఉన్నాయి, డాక్టర్ గారు ఆపమన్నాక కూడా కనీసం రెండు వారాలు ఆగాలి. ఆ కూపన్ ఇంకా నా ఫోన్లోనే ఉంది, ఎవరికైనా కావాలా?