పెళ్లి సకినాలు: ఇంట్లో చుట్టాలా, ఆర్డర్ ఇవ్వాలా?

మా చెల్లి లగ్గం ఖాయమైన రాత్రి ఇంట్లో మొదటి గొడవ సకినాల మీద వచ్చింది. "ఆర్డర్ ఇచ్చేద్దాం, ఇప్పుడు ఎవరు చుడతరు?" అని అమ్మ. "కొన్న సకినాలు పెట్టి పిల్లను పంపుతవా?" అని నాయనమ్మ. బాపు మెల్లగా లేచి బాల్కనీలోకి పోయి, ఎవరిదో ఫోన్ వచ్చినట్టు నిలబడ్డాడు.

వరంగల్, కరీంనగర్ వైపు పెళ్లి చేసిన వాళ్లకు ఈ గొడవ కొత్త కాదు. పిల్లతో పాటు సకినాలు, లడ్డూలు, గారెలు గంపలకెత్తి వియ్యాలవారింటికి పంపాలి. వాళ్లు వాటిని చుట్టాలకు, వాడకట్టుకు పంచుతారు. ఫంక్షన్ హాలు ఎంత బాగున్నా నాలుగు రోజుల్లో మరిచిపోతారు గానీ, "వాళ్లు పంపిన సకినం రాయి లెక్క ఉండె" అన్న మాట మాత్రం పిల్లలు పుట్టిందాకా నడుస్తుంది.

నేను మూడు పద్ధతులూ దగ్గరుండి చూశాను. 2017లో నా పెళ్లికి అంతా ఇంట్లోనే, మనవాళ్లే చుట్టారు. మూడేళ్ల కింద మా చిన్నమ్మ కూతురి పెళ్లికి మొత్తం ఆర్డర్ ఇచ్చారు. ఈ ఫాల్గుణంలో మా చెల్లికి సరుకు మాదే, చేతులు మాత్రం కూలివి.

ముందు ఇంట్లో చుట్టడం సంగతి. చూడటానికి సకినంలో ఏముందనిపిస్తుంది. బియ్యప్పిండి, నువ్వులు, వాము, ఉప్పు, అంతే. మా ఇంట్లో కిలో బియ్యానికి పావుకిలో నువ్వులు. కానీ తప్పు జరిగే చోట్లు మాత్రం చాలా ఉన్నాయి. బియ్యం రాత్రంతా నానాలి, పొద్దున వడకట్టి తడి ఆరకముందే గిర్నీకి తీసుకుపోవాలి. అన్ని గిర్నీల్లో తడిపిండి పట్టరు, ముందే అడిగి పెట్టుకోవాలి. పట్టించిన పిండి మూత తీసి పెడితే ఆరిపోతుంది. ఆరిన పిండితో చుడితే వేళ్ల సందులోనే తెగుతుంది. నీళ్లు ఎక్కువైతే మెలిక నిలవదు, చుట్టు చుట్టుకీ అంటుకుని అప్పచ్చిలా అవుతుంది.

బియ్యం కూడా కొత్తదైతేనే సకినం గుల్లగా వస్తుంది. వానాకాలం వడ్లు నవంబర్, డిసెంబర్‌లలో ఇంటికొస్తాయి కాబట్టి సంక్రాంతికీ ఆ తర్వాతి లగ్గాలకూ బెంగ లేదు. వైశాఖం పెళ్లిళ్లకు అదే బియ్యం గట్టిపడి ఉంటుంది, ఇంకాస్త ఎక్కువ నానబెట్టాలి. వెనకటికి మా అమ్మ పిండివంటలకు రేషన్ దొడ్డు బియ్యం దాచేది. 2025 ఉగాది నుంచి రేషన్‌లో సన్నబియ్యం ఇస్తున్నారు కదా, అందరూ సంతోషపడితే మా అమ్మ ఒక్కతే "మరి పిండివంటలకు దొడ్డుబియ్యం యాడికెల్లి తేవాలె?" అని పట్టుకుంది.

నా పెళ్లప్పుడు మాది హన్మకొండలో సొంతిల్లు, డాబా ఉండేది. పెద్దమ్మలు, చిన్నమ్మలు, మేనత్తలు, పక్కింటి అత్తమ్మ, అంతా కలిపి పదకొండు మంది. పసుపు ముద్దతో గౌరమ్మను చేసి, బొట్టు పెట్టి మొదలుపెట్టారు. పాత పంచెలు పరిచి వాటి మీద వరుసగా చుట్టుకుంటూ పోయారు. సకినం చుట్టేటప్పుడు చేతిని చూడాలి: బొటనవేలు, చూపుడువేలు మధ్య పిండి సన్నగా మెలితిరుగుతూ దిగుతుంది, చెయ్యి మాత్రం గుండ్రంగా తిరుగుతుంది. రెండు పనులు ఒకేసారి. మా మేనత్త మాట్లాడుతూ, నవ్వుతూ, ఇంకొకరిని తిడుతూ కూడా నాలుగు చుట్లు తెగకుండా వేసేది. మధ్యాహ్నం సగం గోలించిన మెత్తటి సకినాలు అల్లం, పచ్చిమిర్చి కారంతో తిన్నాం. నా పెళ్లి భోజనంలో ఏం తిన్నానో గుర్తు లేదు, ఆ కారం గుర్తుంది.

ఇక నష్టం వైపు చూస్తే, రెండు రోజులకు అమ్మ నడుము పట్టేసింది. పదకొండు మందికి టీలు, టిఫిన్లు, అన్నాలు. ఎవరి సకినం లావు, ఎవరిది సన్నం అని ఇద్దరు పెద్దమ్మల మధ్య మాట పడి, అది పెళ్లి దాకా పోయింది. పైగా అప్పుడు చుట్టిన వాళ్లలో ఇద్దరు ఇప్పుడు లేరు, ముగ్గురికి మోకాళ్ల నొప్పులు. మా తరంలో చుట్టడం వచ్చిన వాళ్లను లెక్కపెడితే ఒక చెయ్యి వేళ్లు కూడా నిండవు. నాకూ రాదు. నాది మూడో చుట్టుకు జిలేబీ అవుతుంది.

ఆర్డర్ సంగతి చెప్పాలంటే, హన్మకొండ, వరంగల్ రెండు వైపులా ఇప్పుడు పిండివంటల దుకాణాలు బాగా పెరిగాయి. ఇళ్లలో చేసి అమ్మే ఆడవాళ్లూ ఉన్నారు. ఫోన్ చేసి చెప్తే డబ్బాల్లో పెట్టి ఇస్తారు. ఇల్లు జిడ్డు కాదు, నడుము నొయ్యదు. ఉద్యోగాలు చేసుకునే ఇంట్లో లగ్గపత్రికలు పంచడానికే తీరిక దొరకదు, సకినాలకు రెండు రోజులు సెలవు ఎవరిస్తారు? ఆర్డర్ ఇచ్చే వాళ్లను నేనెప్పుడూ తప్పు పట్టను.

కానీ చిన్నమ్మ ఇంట్లో జరిగింది వినండి. దుకాణం అతను కిలోకు నలభై వస్తాయన్నాడు. విప్పి లెక్కపెడితే ముప్పై దాటలేదు, చుట్లు అంత లావుగా ఉన్నాయి. అందులో విరిగినవి వేరే. మనం కొనేది కిలోల్లో, పంచేది లెక్కన. ఇంటికి అయిదు సకినాలు అంటే అయిదూ నిండుగా ఉండాలి. విరిగిన ముక్కలు కాటాలో తూగుతాయి గానీ పళ్లెంలో పెట్టలేం. నాలుగో రోజుకే పాత నూనె వాసన కూడా వచ్చింది. చిన్నమ్మ వియ్యపురాలు మంచిది కాబట్టి ఏమీ అనలేదు. "మీ దిక్కు నూనె జర వేరే ఉంటదేమో" అన్నది, అంతే. చిన్నమ్మ ఇప్పటికీ ఆ మాటే తలచుకుంటుంది.

కాబట్టి ఆర్డర్ ఇచ్చేవాళ్లు ధర తర్వాత అడగండి. ముందు అడగాల్సింది: ఏ నూనె, కొత్తదా, మాకిచ్చే ముందు ఎన్ని రోజుల కింద గోలించినవి, కిలోకు విరగనివి ఎన్ని వస్తాయి. వీలైతే లెక్కనే మాట్లాడుకోండి. ముందురోజు కిలో తెచ్చుకుని తిని చూడండి. ఇంకో సంగతి, మూఢం పోయిన వెంటనే వచ్చే ముహూర్తాలకు దుకాణాల మీద నమ్మకం తగ్గించుకోండి. ఈసారి మాఘమంతా శుక్రమౌఢ్యంలో పోయి లగ్గాలన్నీ ఫాల్గుణానికి వాయిదా పడ్డాయి. మేం విచారించిన రెండు చోట్ల "ఆ వారం మా వల్ల కాదు" అన్నారు. మూడో చోట వెంటనే ఒప్పుకున్నారు, అది విని నాకు ఇంకా భయమేసింది.

అలా మూడో దారికి వచ్చాం. మడికొండ వైపు నుంచి ముగ్గురు ఆడవాళ్లు వస్తారని మా పక్క ఫ్లాట్ అక్క చెప్పింది. బియ్యం, నువ్వులు, నూనె, గ్యాస్ మావి. నువ్వులు బీట్ బజార్‌లో తెచ్చాం. పన్నెండు కిలోల బియ్యం, మూడు కిలోల నువ్వులు, కొత్త పల్లినూనె. గిర్నీ పని నాది. ఫ్లాట్‌లో పొయ్యి ఎక్కడ పెట్టాలన్నది పెద్ద ప్రశ్నే. చివరికి అసోసియేషన్ వాళ్లను అడిగి పైన టెర్రస్ మీద పెట్టాం. గాలికి మంట ఆగక రెండు గడంచెలు అడ్డం పెట్టాల్సి వచ్చింది.

కూలి బియ్యం కిలో లెక్కన మాట్లాడుకున్నాం. ఇక్కడే ఒక పాఠం. కిలో లెక్కయితే పని తొందరగా తెములుతుంది, కానీ మధ్యాహ్నానికి చుట్టు లావెక్కుతుంది. రోజు లెక్కయితే సన్నగా, నిదానంగా నడుస్తుంది. పన్నెండు గంటలకు నాయనమ్మ కుర్చీ వేసుకుని వాళ్ల పక్కన కూర్చుంది. ఒక సకినం తీసి వేళ్లతో అని చూసి, "ఓ బిడ్డా, ఇది సకినమా, చుట్టకుదురా?" అన్నది. వాళ్లు నవ్వారు. ఆ తర్వాత చుట్టు మళ్లీ సన్నబడింది. ఈ పద్ధతిలో ఇంటి పెద్దమనిషి ఒకరు పక్కన కూర్చోవడం తప్పనిసరి. అలాంటి మనిషి లేకపోతే ఆర్డరే నయం.

సాయంత్రానికి అయిదు వందల పైచిలుకు వచ్చాయి. వియ్యాలవారు చెప్పినవి డెబ్బై ఇండ్లు, ఇంటికి అయిదు చొప్పున 350. దగ్గరివాళ్లకు పదకొండేసి ఇవ్వడానికి కూడా సరిపోతాయి. ఖర్చు లెక్క వేశాను. దుకాణంలో మాకు చెప్పింది కిలో 400 రూపాయలు. సరుకు, కూలి, గ్యాస్, వాళ్ల భోజనాలు అన్నీ కలిపితే దానికి కొంచెం తక్కువే, చెప్పుకునేంత తేడా మాత్రం లేదు. డబ్బు మిగులుతుందని ఈ దారి పట్టొద్దు. నూనె మన కళ్ల ముందు పోసిందనే ధీమా కోసమైతే పట్టొచ్చు.

నన్నడిగితే, చుట్టే చేతులు ఇంట్లో నలుగురైదుగురివి ఉంటే వేరే ఆలోచనే వద్దు, ఇంట్లోనే చుట్టండి. ఒక్క పెద్దామె ఉంటే మనుషుల్ని పెట్టుకోండి. ఎవరూ లేకపోతే ఆర్డర్ ఇచ్చి, ఆ రెండు రోజులు పిల్లతో కూర్చోండి. లడ్డూలకు ఈ చర్చ అక్కర్లేదు, అవి కొన్నవే బాగుంటాయి. నాయనమ్మ కూడా ఒప్పుకుంది.

అన్నీ అయ్యాక నాయనమ్మ చేతులు కడుక్కుని, మిగిలిన పిండితో తనే ఒక పెద్ద సకినం చుట్టింది. పళ్లెమంత. ఎనభై రెండేళ్ల చేతులు వణుకుతున్నాయి, మెలిక మాత్రం తెగలేదు. గంట సేపు ఆరనిచ్చి, రెండు వైపులా రెండు గంటెలతో ఎత్తి మూకుడులో వేశాం. ఊపిరి బిగబట్టి చూశాం, విరగలేదు. కొత్త అల్లుడికి అని చెప్పి, దాన్ని విడిగా గంపలో పైన పాత చీర మడతల మధ్య పెట్టించింది. జమ్మికుంటకు కారులో ఆ గంపను నా ఒడిలోనే పెట్టుకుని కూర్చున్నాను.

హుజూరాబాద్ దాటాక ఒక స్పీడ్ బ్రేకర్ దగ్గర చప్పుడు వినిపించింది. నాయనమ్మ రోజూ ఫోన్ చేసి, "అల్లుడు చూసిండా, ఏమన్నడు?" అని అడుగుతోంది. చూశాడనే చెప్తున్నాం.