వరల్డ్ వార్ జెడ్: ఒక నర్సు చదివిన జాంబీ నవల

రక్తపాతం కోసం ఈ నవల కొన్నవాళ్లకు అది పుష్కలంగా దొరుకుతుంది. రక్తం పేరు వింటేనే గిట్టక పక్కన పెట్టేవాళ్లు మాత్రం ఒక గొప్ప పుస్తకాన్ని చేజార్చుకుంటారు. మ్యాక్స్ బ్రూక్స్ రాయగా 2006లో వెలువడిన 'వరల్డ్ వార్ జెడ్' మీద నా అభిప్రాయం ఇది. కర్నూలులో పుస్తకాలు చదివే మిత్రులం కొందరం ఎవరో ఒకరి మిద్దె మీద సాయంత్రం పూట కలుస్తుంటాం. ఈ నవల మీద జరిగినంత వాదన అక్కడ మరే పుస్తకం మీదా జరగలేదు. ఇద్దరు సగంలోనే మూసేశారు. ఒకరు రెండోసారి చదువుతున్నారు. నేను చాలా ఏళ్లుగా నర్సుగా పనిచేస్తున్నదాన్ని. గాయం గురించి, శవం గురించి ఎవరైనా రాస్తే, తెలిసి రాశారో తోచింది రాశారో పోల్చుకోగలను. అందుకే ఈ పుస్తకంలోని రక్తం సంగతి మాట్లాడే హక్కు నాకుందనుకుంటాను.

జాంబీలు, అంటే చచ్చి లేచి మనుషుల్ని కరిచే శవాలు, మా ఊరికి కొత్త కాదు. 2021లో ప్రశాంత్ వర్మ తీసిన 'జాంబీ రెడ్డి' కథ కర్నూలు నేపథ్యంలోనే నడిచింది. ఆ సినిమాలో ఫ్యాక్షన్ కొడవళ్ల మధ్య నవ్వులు కూడా ఉన్నాయి. ఈ నవలలో నవ్వుకు చోటు చాలా తక్కువ. 2013లో ఇదే పేరుతో బ్రాడ్ పిట్ నటించిన హాలీవుడ్ సినిమా చూసినవాళ్లు కథ తమకు తెలుసనుకోవద్దు. సినిమాలో శవాలు పరుగెత్తి మీదపడతాయి. నవలలో అవి నెమ్మదిగా నడుస్తాయి, అలసట లేకుండా నడుస్తూనే ఉంటాయి. సినిమాలో ఒక కథానాయకుడు ఉంటాడు, నవలలో అలాంటివాడు లేడు.

మరి ఏముంది? జాంబీలతో మనుషులు చేసిన యుద్ధం ముగిసి కొన్నేళ్లయింది. ఐక్యరాజ్యసమితి తరఫున నివేదిక రాయడానికి ఒక వ్యక్తి దేశదేశాలు తిరిగి, బతికి బయటపడ్డవాళ్లతో మాట్లాడతాడు. పైవాళ్లకు అంకెలు, పట్టికలు చాలట, మనుషుల మాటలు నివేదికలోంచి తీసేశారు. తీసేసిన ఆ మాటలనే అతను పుస్తకంగా వేశాడు. డాక్టరు, సైనికుడు, మందుల వ్యాపారి, జలాంతర్గామి అధికారి, కుక్కలకు తర్ఫీదు ఇచ్చేవాడు, అంతరిక్షంలో చిక్కుకుపోయినవాడు, ఇలా ఒక్కొక్కరూ వచ్చి తమ భాగం చెప్పి వెళ్లిపోతారు.

మొదటి సాక్షి చైనా డాక్టరు. మారుమూల పల్లెలో పన్నెండేళ్ల పిల్లవాణ్ని కట్టిపడేసి ఉంచారు. ఒళ్లు చల్లగా ఉంది, నాడి దొరకదు. సూది గుచ్చితే రక్తానికి బదులు గోధుమరంగు చిక్కని పదార్థం వస్తుంది. కట్లు తెంచుకోవాలని పెనుగులాడే ఊపులో ఆ పిల్లవాడి చెయ్యి విరిగి ఎముకలు చర్మం చీల్చుకుని బయటికొస్తాయి. అయినా అరుపు లేదు, ముఖంలో నొప్పి లేదు. మా మిత్రుల్లో ఒకావిడ ఇక్కడే పుస్తకం మూసేశారు. నాకు మాత్రం ఇక్కడే రచయిత మీద నమ్మకం కుదిరింది. గుండె ఆగిన ఒంట్లో రక్తం చిమ్మదు. జాంబీ కథల్లో చాలామంది శవాన్ని నరికినా ఎర్రటి రక్తం ఎగజిమ్మేటట్టు రాస్తారు, చూపిస్తారు. బ్రూక్స్ ఆ పని చేయలేదు. ఎముక విరిగినా నొప్పి తెలియని ముఖాన్ని చూసి డాక్టరు పడిన భయం నాకు పేజీలోంచి నేరుగా తగిలింది. నొప్పి అని రోగి అరుస్తున్నంతసేపు మాకు ధైర్యంగా ఉంటుంది. అరుపు ఆగినప్పుడే పరుగెత్తుకెళతాం.

ఆ అధ్యాయంలో రక్తం లేని ఒక ముక్క అంతకంటే గొప్పది. డాక్టరు నగరంలో ఉన్న పాత స్నేహితుడికి ఫోన్ చేసి ఈ పిల్లవాడి సంగతి చెబుతాడు. అవతలివాడు కంగారుపడవద్దని, అంతా సర్దుకుంటుందని ధైర్యం చెబుతాడు. ఎప్పుడో సరిహద్దు పోరులో చావు ముంచుకొచ్చిన వేళ ఆ స్నేహితుడు అన్న మాట కూడా అదే. అందుకే ఆ మాట వినగానే డాక్టరుకు పరిస్థితి ఎంత విషమంగా ఉందో అర్థమైపోతుంది. వార్డులో మేం కూడా రోగి బంధువులతో ఆ మాట అంటాం. వాళ్లు మా కళ్లలోకి చూస్తారు.

ఈ రోగానికి నవలలో మొదట పెట్టిన పేరు ఆఫ్రికన్ రేబిస్. అది పొరపాటు పేరే అయినా, కాటులోంచి ఒంట్లోకి, ఒంట్లోంచి మెదడుకు పాకే ఆ రోగం దారి చదువుతుంటే నాకు అడుగడుగునా రేబిస్ గుర్తొచ్చింది. ఆ పేరును అడ్డం పెట్టుకుని ఒక వ్యాపారి ఫ్యాలాంక్స్ అనే టీకా అమ్ముతాడు. అది ఈ రోగం మీద పనిచేయదని తెలిసే అమ్ముతాడు. కోట్లు గడించి, చివరికి అంటార్కిటికాలో దాక్కుని, తన తప్పేమీ లేదని తీరిగ్గా వాదిస్తాడు. పుస్తకం మొత్తంలో నాకు ఒళ్లు మండించిన మనిషి వీడే. కుక్క కాటుకు వచ్చినవాళ్లకు మేం 0, 3, 7, 28 రోజుల్లో సూదులు వేస్తాం. గాయం మానిపోయిందని నాలుగో సూదికి రానివాళ్లు ఉంటారు, పసరు కట్టు కట్టించుకుని ఆలస్యంగా వచ్చేవాళ్లు ఉంటారు. లక్షణాలు మొదలైతే ఇక మనిషి దక్కడం దాదాపు అసాధ్యమని వాళ్లకు నచ్చజెప్పడానికి ఎంత తంటాలు పడతామో మాకు తెలుసు. టీకా మీద జనానికి ఉన్న నమ్మకాన్ని అమ్ముకున్నవాణ్ని రచయిత శిక్షించకుండా వదిలేశాడని మా అబ్బాయి అన్నాడు. వదిలేయడమే నిజం. అందుకే ఆ అధ్యాయం అంతగా గుచ్చుకుంటుంది.

ఇక రక్తం ఎక్కువైందన్న ఫిర్యాదు. కుట్టు నేర్పే మా పక్కింటావిడ కెనడా అధ్యాయం దాకా వచ్చి ఆపేశారు. "సిస్టర్, మీకు అలవాటు. రాత్రి నాకు అన్నం సహించలేదు" అన్నారు. ఆ బాధ నాకు అర్థమైంది. చలికి శవాలు గడ్డకడతాయని తెలిసి జనం కుటుంబాలతో ఉత్తరానికి పారిపోతారు. తిండి అయిపోతుంది. ఒక రాత్రి తల్లీ తండ్రీ కొట్లాడుకుంటారు. తండ్రి రేడియో పట్టుకుని బయటికి వెళ్లి, వేడి వేడి మాంసం కూరతో తిరిగొస్తాడు. అది ఏ మాంసమో ఎవరూ చెప్పరు. జబ్బుపడి ఉన్న పిల్ల దాన్ని తింటుంది. ఆ ఘట్టంలో రక్తపు చుక్క లేదు, జాంబీ లేదు. అయినా అన్నం సహించలేదంటే, అది రచయిత చేతిలోని బలం. రష్యా సైన్యంలో తిరుగుబాటు చేసినవాళ్లను దారికి తెచ్చే ఘట్టం కూడా ఇటువంటిదే. పది మందిలో ఒకరిని ఎంచి, మిగతా తొమ్మిది మంది చేత రాళ్లతో కొట్టి చంపిస్తారు. పుస్తకంలో అత్యంత క్రూరమైన చావులు శవాల చేతుల్లో జరిగినవి కావు.

మా బృందంలో చరిత్ర పాఠం చెప్పి రిటైరైన మాస్టారు ఒకరున్నారు. జాంబీ కథలు పిల్లల వ్యవహారమని మొదట విసుక్కున్నారు. దక్షిణాఫ్రికా అధ్యాయం చదివాక ఆయనే ఫోన్ చేశారు. అందులో రెడెకర్ అనే అతను ఒక పథకం రాస్తాడు. వర్ణవివక్ష నాటి ప్రభుత్వం కోసం తెల్లవాళ్లను మాత్రం కాపాడుకునే లెక్క ఒకటి అతను అంతకుముందే వేసి ఉంచాడు. ఇప్పుడు దాన్నే మార్చి రాస్తాడు. కొందరిని కొండల వెనక కాపాడాలి. మిగతావాళ్లను అక్కడక్కడా గుంపులుగా వదిలేయాలి, శవాలు వాళ్ల చుట్టూ మూగుతాయి, ఈలోగా అసలువాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. ప్రపంచంలోని చాలా ప్రభుత్వాలు ఆ లెక్కను తమకు తగ్గట్టు మార్చుకుంటాయి.

"అమ్మా, ఇది మనకు ధాత కరువులో జరిగింది" అన్నారు మాస్టారు. 1876లో మొదలైన ఆ కరువులో మద్రాసు ప్రెసిడెన్సీకి పంపిన దొర సర్ రిచర్డ్ టెంపుల్. పనికి వచ్చే కూలీకి రోజుకు ఒక పౌను (సుమారు 450 గ్రాములు) గింజలు, కాసిని డబ్బులు చాలని ఖర్చు తగ్గించాడు. ఆ తిండితో మనిషి మట్టి పని చేసి బతకలేడని ఆరోగ్య శాఖ అధిపతి డాక్టర్ కార్నిష్ లెక్కలతో సహా ఎదురు వాదించాడు. 1871, 1881 జనాభా లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే కర్నూలు జిల్లా జనం దాదాపు నాలుగో వంతు తగ్గిపోయారు. మాస్టారు ఈ సంగతులు చెబుతుంటే ఆ సాయంత్రం మిద్దె మీద ఎవరూ మాట్లాడలేదు. ఎవరిని ఎంత తిండితో వదిలేయవచ్చో కాగితం మీద వేసిన లెక్క మా నేల మీద అమలైంది. ఈ నవలను వట్టి భయానక కథ అనేవాళ్లతో నేను ఒప్పుకోకపోవడానికి ఇదే కారణం.

ఇంటర్వ్యూల రూపం మీద కూడా మాలో భేదం వచ్చింది. ఒకే మనిషి వెంట కథ నడవకపోతే మనసు నిలవదని ఇద్దరు అన్నారు. నాకు ఈ రూపమే సరైనదనిపించింది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ ఊరిని ముంచెత్తిన రాత్రి గురించి కర్నూలులో ఎవరిని అడిగినా చెబుతారు. మిద్దె ఎక్కినవాళ్లది ఒక కథ, పాల కోసం వెళ్లి ఇల్లు చేరలేనివాళ్లది ఒక కథ, నీళ్లు తీశాక బురదలో సర్టిఫికెట్లు వెతుక్కున్నవాళ్లది ఇంకొకటి. ఎవరికీ మొత్తం తెలియదు. చెప్పేటప్పుడు పెద్ద సంగతి రెండు మాటల్లో దాటేసి, గోడ గడియారం ఆగిన వేళ దగ్గరో, కట్టేసిన బర్రె దగ్గరో ఆగిపోతారు. బ్రూక్స్ రాసిన సాక్షులు కూడా అలాగే మాట్లాడతారు. రక్తం ఎక్కడ వివరంగా చెప్పాలో, ఎక్కడ మింగేయాలో వాళ్ల జ్ఞాపకం నిర్ణయిస్తుంది.

లోపాలు చిన్నవి కావు. అన్నిటికంటే పెద్దది, అందరి గొంతూ ఒకటే. జపాన్ ముసలాయన, రష్యా సైనికురాలు, మన భారతీయుడు, అందరూ అమెరికా సైనికుడిలాగే చతురంగా, కత్తిరించినట్టు మాట్లాడతారు. ఆడవాళ్ల సాక్ష్యాలు బాగా తక్కువ. అన్ని ఆసుపత్రులు కూలిపోయిన యుద్ధంలో ఒక నర్సును కూర్చోబెట్టి నాలుగు పేజీలు మాట్లాడించి ఉండాల్సింది. ఈ మాట నేను పట్టుదలగా అంటున్నాను. భారతదేశానికి దక్కింది రెండే ఘట్టాలు. గుజరాత్‌లోని అలంగ్ తీరంలో ఓడలు ఎక్కడానికి జనం సముద్రంలో పడి ఈదడం మనసును పట్టేస్తుంది. హిమాలయాల్లో కొండదారిని పేల్చి మూసేయడానికి ప్రాణమిచ్చిన జనరల్ రాజ్‌సింగ్ కథ మాత్రం సినిమా ఘట్టంలా ముగిసిపోయింది. దక్షిణాది ఊసే లేదు.

ఇంజనీరింగ్ చదువుతున్న మా అబ్బాయికి నచ్చినది యాంకర్స్ యుద్ధం. న్యూయార్క్ పక్కన అమెరికా సైన్యం ట్యాంకులు, విమానాలు, టీవీ కెమెరాలతో సహా బారులు తీరి ఓడిపోతుంది. బాంబుకు భయపడని శత్రువు ముందు భయపెట్టే ఆయుధాలన్నీ వృథా అయిన తీరు బాగుంది. కానీ ఆయుధాల పేర్లు, వాటి గొప్పలు అంత పొడవున చదవడం నాకు విసుగు పుట్టించింది. చివరి భాగంలో అదే మళ్లీ వస్తుంది. ఆ పేజీలు వేగంగా తిప్పేశాను. నాగసాకి అణుబాంబుకు చూపు పోగొట్టుకున్న తోటమాలి హొక్కైడో అడవుల్లో ఒంటరిగా నిలబడే అధ్యాయాన్ని మాత్రం దాటవేయకండి.

ఇంగ్లిషు వేగంగా చదవలేనివాళ్లకు ఆడియో రూపం మేలు. ఒక్కో సాక్షికి ఒక్కో నటుడు గొంతు ఇచ్చాడు, మార్క్ హామిల్, ఆలన్ ఆల్డా వంటివాళ్లు ఉన్నారు. గొంతులన్నీ ఒకటేనన్న నా ఫిర్యాదు అక్కడ కొంత తగ్గింది. హైస్కూలు పిల్లలకు ఈ పుస్తకం ఇవ్వవద్దు. ఇంట్లో ఈ మధ్య చావు చూసినవాళ్లు కొన్నాళ్లు ఆగండి. మా పక్కింటావిడలా భయపడేవాళ్లు పగటిపూట, రోజుకు రెండు సాక్ష్యాల చొప్పున చదవండి. ఆమె కూడా మిగతా సగం అలాగే చదువుతానని నా ప్రతి తీసుకెళ్లారు.